ఆకుకూరలకు ఏది మేలు: కోళ్ల ఎరువా, ఎముకల పొడా, ఫిష్ అమినోనా?

తోటకూర మడిలో ఎముకల పొడి ఎంత వేయాలని పదే పదే అడుగుతున్నారు. వేయకపోయినా నష్టమేం లేదు. అందులో భాస్వరం 20 శాతం దాటి ఉంటుంది, నత్రజని మూడు శాతం ఉంటే గొప్ప. ఆకుకి కావాల్సింది నత్రజని. పది చదరపు అడుగుల మడికి పది గ్రాముల నత్రజని దీంతోనే అందించాలంటే 300 గ్రాములకు పైగా పోయాలి. దాంతోపాటు 60 గ్రాముల పైచిలుకు భాస్వరం అడక్కుండానే వచ్చి పడుతుంది. ఈ పొడి కరగడానికి నెలలు పడుతుంది, నల్లరేగడిలో అయితే ఇంకా కష్టం. తోటకూరేమో 25–30 రోజుల్లో పీకేస్తాం! వంగకో, జామకో దాచుకోండి.

పంట కాలంలోపే ఎరువు అందుతుందా లేదా అన్నదే ఇక్కడ తేల్చాల్సింది. ఆ లెక్కన నా ఓటు కోళ్ల ఎరువుకే, కానీ బాగా మాగినదానికే. పచ్చిది వేస్తే అమ్మోనియా ఘాటుకి మొలకలు మాడిపోతాయి. పైగా నేలను ఆనుకుని పెరిగే ఆకుని కోసి తింటాం కాబట్టి రోగక్రిముల భయం కూడా ఉంది. కుప్ప వేసి, తడి ఆరనీయకుండా, వారానికోసారి తిరగేస్తూ కనీసం రెండు నెలలు మాగనివ్వాలి. మాగిందో లేదో తెలియాలంటే గుప్పెడు తడిపి డబ్బాలో వేసి మూత బిగించండి. మర్నాడు మూత తీయగానే ముక్కు మండితే ఇంకా ఆగాలి. రంపపు పొట్టు ఎక్కువగా కలిసిన లిట్టర్ (కోళ్ల షెడ్డులో నేల మీద పరిచిన పొట్టు, రెట్టలు కలిసినది) వద్దు, అది కుళ్లడానికే మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటుంది, ఆకులు పాలిపోతాయి. మాగినది పది చదరపు అడుగులకు అరకిలో, విత్తడానికి వారం ముందు పైమట్టిలో కలిపితే చాలు.

పాలకూర, బచ్చలి లాంటివి కోసిన కొద్దీ చిగురిస్తాయి. వీటికి ఫిష్ అమినో బాగా పనికొస్తుంది. చేప వ్యర్థాలు కిలో, బెల్లం కిలో కలిపి 25–30 రోజులు పులియబెట్టాలి. మూత బిగించొద్దు, గ్యాస్‌కి డబ్బా పగులుతుంది. వడకట్టి, లీటరు నీళ్లకు 3–5 మిల్లీలీటర్లు కలిపి కోత అయిన మర్నాడు మొక్కల మొదళ్ల దగ్గర పోయండి. రేపోమాపో తినబోయే ఆకు మీద పిచికారీ చేయకండి. డబ్బా చుట్టూ చీమలు, పిల్లులు ఎలాగూ చేరతాయి.

మేక పెంటికలు మంచివే, నలగ్గొట్టకపోతే పంట అయ్యాక కూడా గోళీల్లా అలాగే ఉంటాయి. రక్తపు పొడిలో నత్రజని 12 శాతం దాకా ఉంటుంది, చేయి జారితే మొక్క మాడుతుంది.