యూని-అసిస్ట్ రివ్యూ: 75 యూరోలకు జర్మనీ వాళ్లు మన మెమోల్లో ఏం చూస్తారు?

జర్మనీలో ఎంఎస్ చెయ్యాలనుకున్న రోజు నుంచి అడ్మిట్ లెటర్ చేతికొచ్చేదాకా మన పిల్లలు ఎక్కువసార్లు తెరిచి చూసే పేజీ ఏ యూనివర్సిటీదీ కాదు. అది యూని-అసిస్ట్ వాళ్ల 'మై అసిస్ట్' పోర్టల్. బెర్లిన్ కేంద్రంగా 2003లో మొదలైన ఈ సంస్థలో దాదాపు 170 జర్మన్ యూనివర్సిటీలు సభ్యులు. బయటి దేశాల డిగ్రీలు నిజమైనవేనా, జర్మన్ లెక్కలో ఎంతకు సమానం అని చూసే పనిని ఆ యూనివర్సిటీలన్నీ కలిసి దీనికి అప్పజెప్పాయి. సీటు ఇచ్చేది ఇది కాదు. కాగితాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, మార్కులు మార్చి, ఫైలు యూనివర్సిటీకి పంపడంతో దీని పని అయిపోతుంది. సీటు ఇవ్వాలా వద్దా అన్నది యూనివర్సిటీ ఇష్టం.

తీర్పు ముందే చెప్పేస్తే: ధర న్యాయమైనదే, పని నమ్మదగినదే. కాకపోతే నెమ్మది, ఒకసారి సబ్మిట్ కొట్టాక దిద్దుకునే వీలు బాగా తక్కువ. రెండు నెలల ముందే కాగితాలు సర్దుకున్నవాళ్లకి ఇది 5కి 4 మార్కుల సర్వీసు. గడువుకి వారం ముందు మేలుకున్నవాళ్లకి 2 కూడా ఇవ్వలేం.

ఫీజు సంగతి. ఒక సెమిస్టర్‌కి పెట్టే మొదటి కోర్సుకి 75 యూరోలు, అదే సెమిస్టర్‌కి ఆ తర్వాత పెట్టే ప్రతి కోర్సుకి 30 యూరోలు. లెక్క యూనివర్సిటీకి కాదు, కోర్సుకి. ఒకే యూనివర్సిటీలో రెండు కోర్సులు ఎంచుకుంటే రెండుగానే లెక్కేస్తారు. ఆరు కోర్సులకి 75 ప్లస్ ఐదు ముప్పైలు, మొత్తం 225 యూరోలు. యూరో వంద రూపాయలు అనుకుంటే 22,500. వింటర్ సెమిస్టర్‌కి సీటు రాక మళ్లీ సమ్మర్ సెమిస్టర్‌కి పెడితే లెక్క మళ్లీ 75 నుంచే మొదలు. అప్లికేషన్ వెనక్కి తీసుకున్నా డబ్బు తిరిగి రాదు.

డబ్బు అందేదాకా ఫైలు ముట్టుకోరు, ఇది గుర్తుంచుకోవాలి. మన డెబిట్ కార్డుల్లో అంతర్జాతీయ లావాదేవీలు మామూలుగా ఆపేసి ఉంటాయి. బ్యాంకు యాప్‌లో అది ఆన్ చేసి, రోజు పరిమితి పెంచుకున్నాకే పేమెంట్ పేజీకి వెళ్లండి. బ్యాంకు నుంచి విదేశీ ట్రాన్స్‌ఫర్ చేస్తే ఛార్జీలన్నీ పంపేవాళ్లే భరించే 'అవర్' పద్ధతి పెట్టమని కౌంటర్లో చెప్పాలి, అప్లికెంట్ నంబర్ తప్పకుండా రాయించాలి. లేదంటే మధ్యలో ఏదో బ్యాంకు కొంత కోసుకుంటుంది, 75 పంపితే అక్కడ అంతకంటే తక్కువ చేరుతుంది, ఫైలు అక్కడే ఆగిపోతుంది.

అన్ని యూనివర్సిటీలకీ ఇది అక్కర్లేదు. టీయూ బెర్లిన్, టీయూ డ్రెస్డెన్, మాగ్డెబుర్గ్ యూనివర్సిటీలకు యూని-అసిస్ట్ నుంచే వెళ్లాలి. ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్, స్టుట్‌గార్ట్ యూనివర్సిటీలకు సొంత పోర్టళ్లున్నాయి, అక్కడ నేరుగా పెట్టుకోవచ్చు. టీయూ మ్యూనిక్‌ది మూడో పద్ధతి. అప్లికేషన్ వాళ్ల సొంత పోర్టల్లోనే, కానీ యూని-అసిస్ట్ ఇచ్చే వీపీడీ అనే పత్రం తెచ్చుకుని మనమే అక్కడ అప్‌లోడ్ చెయ్యాలి. వీపీడీ అంటే ప్రాథమిక పరిశీలన పత్రం. మన డిగ్రీ జర్మనీలో దేనికి సరిపోతుందో, మన మార్కు వాళ్ల స్కేలులో ఎంతో అందులో రాసిస్తారు. వీపీడీకి రిక్వెస్ట్ పెట్టగానే మ్యూనిక్‌కి అప్లై చేసేసినట్టే అనుకుని ఊరుకునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. రెండూ వేర్వేరు పనులు. రెండోది చెయ్యకపోతే మొదటిదానికి కట్టిన ఫీజు వృథా.

యూని-అసిస్ట్ కంటే ముందు ఏపీఎస్ ఉంది. 2022 నవంబర్ 1 నుంచి మన దేశం నుంచి జర్మనీ స్టూడెంట్ వీసాకి ఏపీఎస్ సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు, ఫీజు 18,000 రూపాయలు. మన మార్కుల మెమోలు అసలైనవని ఢిల్లీలోని ఏపీఎస్ ఆఫీసు ఇచ్చే ధ్రువపత్రం అది. యూని-అసిస్ట్ కూడా దాన్ని అడుగుతుంది. దీనికే వారాలు పడుతుంది కాబట్టి ఐఈఎల్‌టీఎస్ రాయకముందే ఏపీఎస్‌కి పెట్టేయడం తెలివైన పని. ఇంగ్లీషు పరీక్ష మళ్లీ రాయొచ్చు, ఏపీఎస్ క్యూలో మాత్రం ముందుకి జరగలేం.

ఇక అసలు విషయం, మెమోలు. యూని-అసిస్ట్‌లో మన పిల్లల ఫైళ్లు ఆగేది చాలాసార్లు ఇక్కడే. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ సెమిస్టర్ మెమోలు లేదా కన్సాలిడేటెడ్ మార్క్స్ మెమో, ప్రొవిజనల్ సర్టిఫికెట్ లేదా ఓడీ (ఒరిజినల్ డిగ్రీ పట్టా), ఇవన్నీ పీడీఎఫ్‌లో పెట్టాలి. మెమో స్కాన్ చేసేటప్పుడు మనవాళ్లు ముందు పేజీ ఒక్కటే తీస్తారు. వెనక్కి తిప్పి చూడండి. చాలా యూనివర్సిటీల మెమోల వెనక సన్నటి అక్షరాల్లో ఒక పట్టిక ఉంటుంది: ఏ గ్రేడుకి ఎన్ని పాయింట్లు, పాస్ కావడానికి కనీసం ఎంత, ఏ క్లాసుకి ఎంత. బూడిదరంగు అక్షరాలు, మడత పడిన చోట కొంచెం చెరిగిపోయి కూడా ఉంటాయి. ఆ పట్టికే మీ జర్మన్ మార్కుని తేలుస్తుంది.

ఎలాగంటే, వాళ్లు వాడేది సవరించిన బవేరియన్ సూత్రం. గరిష్ఠ పాయింట్ల నుంచి మీకొచ్చినవి తీసెయ్యండి. దాన్ని గరిష్ఠం, కనీస పాస్ పాయింట్ల మధ్య తేడాతో భాగించండి. మూడుతో గుణించి ఒకటి కలపండి. జర్మనీలో 1.0 అంటే అన్నిటికంటే మంచి మార్కు, 4.0 అంటే పాసు గీత. మీ సీజీపీఏ 10కి 7.0 అనుకుందాం. పాస్ కనీసం 5 అయితే, 3ని 5తో భాగిస్తే 0.6, మూడుతో గుణిస్తే 1.8, ఒకటి కలిపితే 2.8. అదే పాస్ కనీసం 4 అని ఉంటే, 3ని 6తో భాగిస్తే 0.5, మూడింతలు 1.5, ఒకటి కలిపితే 2.5. మార్కులు ఒక్కటే, తేడా 0.3. చాలా కోర్సుల్లో సీటుకి గీత 2.5 దగ్గర ఉంటుంది. అంటే మెమో వెనక ఉన్న ఆ చిన్న అంకె మీ ఫైలుని గీతకి ఇవతలా అవతలా నిలబెట్టగలదు.

కాబట్టి కనీస పాస్ గ్రేడ్ పాయింట్ ఎంతో మీ రెగ్యులేషన్ బుక్‌లో చూసుకోండి. యూనివర్సిటీని బట్టి, బ్యాచ్‌ని బట్టి అది మారుతుంది. మెమో వెనక లేకపోతే ఎగ్జామినేషన్ బ్రాంచి నుంచి గ్రేడింగ్ పద్ధతి మీద సంతకం, సీలు ఉన్న లెటర్ తెచ్చుకోండి. అటానమస్ కాలేజీల పిల్లలకి ఇది మరీ ముఖ్యం. మెమో ఇచ్చేది కాలేజీ, డిగ్రీ ఇచ్చేది జేఎన్‌టీయూ లాంటి యూనివర్సిటీ. రెండు లెటర్‌హెడ్‌లు చూసి అక్కడి పరిశీలకుడు తికమకపడకుండా అఫిలియేషన్ స్పష్టంగా కనిపించే కాగితం ఒకటి జతచెయ్యాలి. మీ విద్యాసంస్థకి గుర్తింపు ఉందో లేదో చూడ్డానికి జర్మన్ల 'అనాబిన్' డేటాబేస్ ఉంది. అక్కడ కాలేజీ పేరుతో వెతికితే చాలాసార్లు దొరకదు. డిగ్రీ పట్టా మీద ఏ యూనివర్సిటీ పేరుందో దాన్ని కొట్టి, పక్కన గుర్తింపు ఉన్నట్టు చెప్పే 'హెచ్ ప్లస్' ఉందేమో చూడండి.

బ్యాక్‌లాగ్‌లు దాచొద్దు. సప్లీ రాసి పాసైన మెమోలు కూడా వరసలో పెట్టండి. అన్ని సెమిస్టర్ల మెమోలూ కలిపితే కన్సాలిడేటెడ్ మెమోలోని క్రెడిట్లతో సరిపోవాలి. ఒక్క సబ్జెక్టు ఎక్కడా పాసైనట్టు కనిపించకపోయినా ఫైలు అసంపూర్ణం అంటారు.

ఫారం నింపేటప్పుడు మన రాష్ట్రాల పిల్లలు చేసే తప్పు ఒకటుంది. మనం ఇంటర్మీడియట్‌ని 'జూనియర్ కాలేజీ' అంటాం. ఆ 'కాలేజీ' అన్న మాట పట్టుకుని దాన్ని యూనివర్సిటీ చదువు కింద నింపేస్తారు. జర్మనీ లెక్కలో ఇంటర్ అంటే స్కూలు ముగింపు. స్కూలు విభాగంలోనే రాయాలి, మెమోని కూడా స్కూల్ లీవింగ్ సర్టిఫికెట్ పెట్టేచోటే పెట్టాలి. లేకపోతే అది లేదని మెసేజ్ పంపుతారు. ఉన్న కాగితమే మళ్లీ పెట్టడానికి మీకు కొన్ని రోజులు, దాన్ని మళ్లీ చూడ్డానికి వాళ్లకి ఇంకొన్ని వారాలు.

పేరు రెండో గండం. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు, డిగ్రీలో ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీ, మొత్తం పేరు గివెన్ నేమ్ గడిలో. మనకిది మామూలే, అక్కడివాళ్లకి ముగ్గురు వేర్వేరు మనుషుల్లా కనిపిస్తుంది. ఫారంలో పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయండి, ఏపీఎస్‌కీ అదే రాయండి. మెమోల్లో వేరుగా ఉంటే, ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని ఇంగ్లీషులో నోటరీ అఫిడవిట్ చేయించి పాస్‌పోర్టు కాపీతో కలిపి పెట్టండి. ఇంకా టైముంటే పాస్‌పోర్టులో ఇంటిపేరు సర్దుకోవడం మేలు. వీసాకీ, బ్యాంకుకీ, అక్కడ ఉంటున్న చిరునామా నమోదు చేసుకోవడానికీ అదే పేరు వెంట వస్తుంది.

మూడేళ్ల డిగ్రీవాళ్లు, అంటే బీఎస్సీ, బీకామ్ చేసినవాళ్లు కోర్సు ఎంచుకునేటప్పుడే జాగ్రత్తపడాలి. జర్మనీలో చదువుని కొలిచేది ఈసీటీఎస్ అనే యూరప్ క్రెడిట్లతో. ఏడాదికి 60, మూడేళ్లంటే 180. కొన్ని మాస్టర్స్ కోర్సులు 210 అడుగుతాయి. అలాంటిదానికి 30 యూరోలు కట్టడం వృథా. ఏ సబ్జెక్టులో ఎన్ని క్రెడిట్లున్నాయన్న లోతైన పరిశీలన యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్ చేస్తుంది, యూని-అసిస్ట్ కాదు. దానికోసం సిలబస్ కాపీ, కోర్సుల పోలిక పట్టిక వేరుగా అడుగుతారు. ఆ పట్టికలో 'మ్యాథ్స్-1' అని ఊరికే రాయకుండా అందులో ఏ అధ్యాయాలున్నాయో రాయాలి.

సబ్మిట్ చేశాక ఎదురుచూపులు. కాగితాలు, డబ్బు రెండూ పూర్తిగా అందాక నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. గడువుకి కనీసం ఎనిమిది వారాల ముందు పెట్టమని వాళ్లే చెబుతారు, ఆ మాట నిజంగా పాటించాలి. వింటర్ సెమిస్టర్‌కి మామూలు గడువు జులై 15, సమ్మర్‌కి జనవరి 15. కానీ మాస్టర్స్ కోర్సుల్లో చాలావాటికి గడువు అంతకంటే ముందే అయిపోతుంది, కోర్సు పేజీలో చూసిందే లెక్క. గడువు రోజుకి అప్లికేషన్ పడితే చాలదు, లోపం లేకుండా ఉండాలి. లోపం ఉందని మెసేజ్ వచ్చేసరికి గడువు దాటిపోతే చేసేదేం లేదు. పోర్టల్ ఇన్‌బాక్స్ రెండు రోజులకోసారి తెరవండి. ఫోన్ చేసి బతిమాలితే ఫైలు ముందుకు కదలదు, రాతపూర్వకంగా ఒక్క ప్రశ్న సూటిగా అడిగితే జవాబు వస్తుంది. ఈ విషయంలో సర్వీసు ఇంకా మెరుగుపడాలి. అక్కడ కూర్చున్నవాళ్లకి అది రోజువారీ ఫైలు, ఇక్కడ ఒక ఇంట్లో అది పొలం కాగితాల మీద తెచ్చిన అప్పు.

కన్సల్టెన్సీ కావాలా అని అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ మెట్లెక్కే ముందు ఒక్క మాట. ఉచితంగా చేస్తామన్నవాళ్లకి చాలాసార్లు కమీషన్ వచ్చేది ప్రైవేటు యూనివర్సిటీల నుంచి. ఫీజు లేని, లేదా నామమాత్రపు ఫీజున్న ప్రభుత్వ యూనివర్సిటీల నుంచి రాదు. అందుకే సలహా ప్రైవేటు వైపు మొగ్గుతుంది. యూని-అసిస్ట్ ఫారం నింపడం డిగ్రీ చదివిన ఎవరికైనా ఒక సాయంత్రం పని. ఎవరి సాయమైనా తీసుకోండి, అకౌంట్ మాత్రం మీ సొంత ఈమెయిల్‌తో, మీ పాస్‌వర్డ్‌తోనే తెరవండి. ఆఫీసువాళ్ల ఈమెయిల్ పెడితే లోపం మెసేజ్ వాళ్లకి వెళుతుంది, మీకు చేరేసరికి గడువు అయిపోతుంది.

ఫైలు యూనివర్సిటీకి పంపేశామని పోర్టల్లో కనిపించిన రోజు నుంచి జవాబు నేరుగా యూనివర్సిటీ నుంచే వస్తుంది, స్పామ్ ఫోల్డర్ కూడా చూస్తుండండి. ఈ ఖాళీలో బ్లాక్డ్ అకౌంట్‌కి, అంటే వీసా కోసం ఏడాది ఖర్చుల డబ్బు ముందే వేసి ఉంచే ఖాతాకి, డబ్బు సర్దుకోవాలి. 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, నెలకి 992 చొప్పున అక్కడికెళ్లాక మీ చేతికి వస్తుంది. ఎడ్యుకేషన్ లోన్ నుంచి కట్టేవాళ్లు శాంక్షన్ లెటర్‌లో ఈ మొత్తం విడిగా రాయించుకోండి. ట్యూషన్ ఫీజు లేదు కదా అని బ్యాంకు దీన్ని తీసేస్తే వీసా అపాయింట్‌మెంట్ ముందు వారం మళ్లీ బ్రాంచి చుట్టూ తిరగాల్సి వస్తుంది.