మూలపాడు అడవిలో నిధి వేట: ఒక్క అంకె తప్పితే

విజయవాడ దగ్గరి మూలపాడు అడవికి మళ్లీ వెళ్తాను గాని, ఆ 'నిధి వేట' నిర్వాహకుల మాట నమ్మి మాత్రం వెళ్లను. తలకు 900 చొప్పున నలుగురికి 3,600 రూపాయలు ముందే కట్టించుకుని, గైడు, భోజనం, మంచినీళ్లు అన్నీ తామే చూసుకుంటామన్నవారు, ఆదివారం ఉదయం ఎనిమిది గంటలకు ఒక కుర్రవాడి చేత అక్షాంశ రేఖాంశాలున్న కాగితం ముక్క ఇప్పించి చేతులు దులుపుకున్నారు. గుంటూరు నుంచి కారులో అక్కడికి చేరే దాకా ఏ ఇబ్బందీ లేదు.

జియోకాషింగ్ అనే ఈ ఆటలో ఎవరో దాచిన డబ్బాను జీపీఎస్ సాయంతో వెతికి, అందులోని పుస్తకంలో పేరు రాసి, ఒక వస్తువు తీసుకుంటే అంతే విలువైనది మరొకటి ఉంచాలి. 2000 మేలో అమెరికా ప్రభుత్వం పౌరుల జీపీఎస్ సంకేతాలలో కావాలని కలుపుతూ వచ్చిన తేడాను తొలగించగానే ఈ ఆట పుట్టింది. ప్రభుత్వం తీసేసిన తప్పును మా నిర్వాహకులు తిరిగి చేర్చారు. అక్షాంశంలో ఒక నిమిషమంటే (డిగ్రీలో అరవయ్యో వంతు) సుమారు 1.85 కిలోమీటర్లు కాబట్టి, నిమిషాల దశాంశ బిందువు తరువాతి మొదటి అంకె ఒకటి తేడా పడితే మనిషి 185 మీటర్లు పక్కకు పోతాడు. మేము అలాగే పోయి, ముళ్ల పొదల మధ్య గంటా పది నిమిషాలు తిరిగాము. ఫోను చేస్తే, "వెతకడమే కదండీ ఆట" అన్నారు. మా ఆవిడ అప్పటి నుంచి నాతో మాట్లాడడం మానేసింది.

అయితే ఆ దారి తప్పడమే మాకు అడవిని చూపించింది. నల్లని రెక్కల మీద తెల్ల పట్టీలు, ఎర్రని ఒళ్లు ఉన్న ఒక సీతాకోకచిలుక ఈశ్వరి తీగ చుట్టూ తిరుగుతుంటే మా అమ్మాయి కదలకుండా నిలబడిపోయింది. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు ఆ తీగ ఆకులు తిని విషం ఒంటికి పట్టించుకోవడం వల్ల దానిని పక్షులు ముట్టవు. మన పెరటి కరివేపాకు మీద పెరిగే మరో జాతి ఆడ సీతాకోకచిలుకలు కొన్ని, విషం లేకపోయినా, అచ్చం దీని వేషమే వేసుకుని బతికిపోతాయి. మోసం చేసినా అంత పనితనం ఉండాలని మా తోడల్లుడు నిట్టూర్చాడు. ఎక్కడో జెముడుకాకి కూస్తుంటే, మేకలు తోలుకొచ్చిన ఒక పెద్దాయన కొండపల్లి బొమ్మలు చెక్కే తెల్లపొణికి చెట్టును చూపించి, ఎండిన కొమ్మ ఒకటి మా చేతిలో పెట్టాడు. అది బెండులా తేలికగా ఉంది. ఆయన పైసా తీసుకోలేదు.

మూడో ఫోనుకు గాని నిర్వాహకులు తప్పు ఒప్పుకోలేదు. సరైన అంకెతో వెళ్తే రాళ్ల సందున డబ్బా దొరికింది. అందులో ఒక ప్లాస్టిక్ తాళాల గొలుసు, కరిగిపోయిన రెండు చాక్లెట్లు ఉన్నాయి. బదులుగా ఉంచడానికి 150 రూపాయలు పెట్టి కొన్న కొండపల్లి చిలుకను మా అమ్మాయి మళ్లీ సంచిలో వేసుకుంది.

భోజనం రాలేదు. ఇబ్రహీంపట్నంలో 120 రూపాయల భోజనంలో వేసిన గోంగూర పచ్చడి తిన్నాకే మా ఆవిడ నోరు విప్పింది. వెళ్లేవారు అటవీశాఖ వారిని అడిగి, వానలు వెలిశాక, మనిషికి రెండు లీటర్ల నీళ్లతో పొద్దున్నే వెళ్లండి. చెట్ల కింద ఫోను చూపే చోటు పది మీటర్ల పైన కూడా తప్పవచ్చు. డబ్బు వాపసు అడిగితే, వచ్చేసారికి 500 రూపాయలు తగ్గిస్తామన్నారు.