చివరి ఎపిసోడ్ లొల్లి: 'డార్క్' ముగింపు మేలా, 'లాస్ట్' ముగింపు మేలా?

ముందే చెప్తున్నా, ఈ రెండు సిరీస్‌లూ చూడనోళ్లు ఇక్కడే ఆగండి. ఆఖరి ఎపిసోడ్లు రెండూ పూర్తిగా విప్పేస్తున్నా, తర్వాత నన్ను తిట్టొద్దు.

మా హన్మకొండలో సైన్స్ ఫిక్షన్ సిరీస్‌లు చూసే బ్యాచ్ పెద్దదేం కాదు. నయీంనగర్ రూముల్లో ఉండి చదువుకునే పిల్లలు కొందరు, కాజీపేటలో రైల్వే డ్యూటీ చేసే మా బావ, ఇంకో ఇద్దరు ముగ్గురు. కానీ ఏ సిరీస్ అయిపోయినా మా దాంట్లో రెండు పార్టీలు లేస్తాయి. ఒక పార్టీకి ప్రతి ముడీ విప్పాలి, తెల్ల ఎలుగుబంటి ఎండ దీవిలోకి ఎట్లొచ్చిందో కూడా చెప్పాలి. ఇంకో పార్టీకి ఆ మనుషులు చివరికి ఏమయ్యారో చెప్తే చాలు, మెషీన్ ఎట్ల పనిచేసిందో అక్కర్లేదు. మొదటి పార్టీ జెండా 'డార్క్', కాలంలో వెనక్కీ ముందుకీ తిరిగే మనుషుల కథ. రెండో పార్టీ జెండా 'లాస్ట్', విమానం కూలి ఒక వింత దీవిలో చిక్కుకున్న వాళ్ల కథ, ఆ తెల్ల ఎలుగుబంటి కూడా దీంట్లోదే.

'లాస్ట్' గురించి అందరూ అనే మాటతోనే మొదలుపెడతా: "వాళ్లంతా విమానం కూలినప్పుడే చచ్చిపోయారట కదా." కాదు బాబూ. దీవి నిజం, అక్కడ జరిగిందంతా నిజం. ఆరో సీజన్‌లో పక్కన నడిచే రెండో కథ ఒక్కటే చావు తర్వాతది. హీరో జాక్ తండ్రి చర్చిలో కొడుక్కి ఆ మాట నోటితోనే చెప్తాడు, కొందరు నీకంటే ముందు పోయారు, కొందరు నీ తర్వాత ఎన్నో ఏళ్లకు పోయారు అని. మరి ఇంతమందికి తప్పుగా ఎందుకు ఎక్కింది? 2010 మే 23న అమెరికాలో ఆ ఎపిసోడ్ వచ్చిన రాత్రి, పేర్లు పడేటప్పుడు ఒడ్డున పడి ఉన్న విమానం ముక్కలను చూపించారు, చుట్టూ మనిషన్నవాడు లేడు. అది చూసి జనం 'ఓహో, అప్పుడే అంతా పోయారన్నమాట' అనుకున్నారు. ఆ బొమ్మలు చానల్ వాళ్లు పెట్టినవి, కథ రాసినవాళ్లవి కావు. రెండున్నర గంటల ఎపిసోడ్‌ను ఆ కొన్ని సెకన్లు ముంచేశాయి.

కానీ తిట్టినోళ్లందరికీ అర్థం కాక తిట్టారనుకుంటే అది కూడా తప్పే. 2004 నుంచి ఆరు సీజన్లు, 121 ఎపిసోడ్లు, వారం వారం కూర్చోబెట్టి ఒక్కో ప్రశ్న చేతిలో పెట్టి పంపించారు. 4, 8, 15, 16, 23, 42 అంకెలేంది, పొగ రాక్షసి ఏంది, వాల్ట్ అనే పిల్లగాడిలో ఉన్న ప్రత్యేకత ఏంది. కొన్నిటికి జవాబు వచ్చింది, కొన్నిటికి సగమే వచ్చింది, వాల్ట్‌నైతే మధ్యలోనే వదిలేశారు. ప్రశ్నలు అమ్ముకుని బతికిన కథ చివర్లో 'ప్రశ్నలు ముఖ్యం కాదు, ప్రేమ ముఖ్యం' అంటే ఎవరికైనా మండదా?

ఇక్కడ మా బావ ఒక మాట అంటాడు, నాకు నచ్చిన మాట. సమ్మక్క కథ చూడు బామ్మర్దీ, గాయాలతో చిలకలగుట్ట వైపు పోయింది, వెతకబోయినోళ్లకు తల్లి కనపడలే, పుట్ట దగ్గర కుంకుమ భరిణె దొరికింది, అంతే కదా కథ. ఎటు పోయింది, ఎట్ల పోయింది అని మేడారంలో ఎవరన్నా అడుగుతున్నారా, రెండేళ్లకోసారి అదే భరిణెను గద్దెకు తెచ్చుకుని మొక్కుతున్నాం కదా అని. నిజమే. కానీ ఆ కథ మనకు 'ఎటు పోయిందో చివర్లో చెప్తా' అని ఎన్నడూ మాటివ్వలేదు బావా. 'లాస్ట్' ఇచ్చింది. నా లొల్లంతా అక్కడే.

'డార్క్' దగ్గరికొస్తే, ఇది 26 ఎపిసోడ్ల జర్మన్ సిరీస్, 2017 డిసెంబర్‌లో మొదలైంది. మూడో సీజన్‌ను 2020 జూన్ 27న వదిలారు. కథలో లోకం అంతమయ్యేది కూడా సరిగ్గా ఆ తేదీనే, పైగా బయట కరోనా, ఇంతకంటే పబ్లిసిటీ ఏం కావాలి. సీజన్ మొత్తం ఒకేసారి చేతికొచ్చింది కాబట్టి వారాల తరబడి ఎదురుచూసి ఊహలు పెంచుకునే అవకాశమే లేదు, అది కూడా దీనికి కలిసొచ్చింది.

మా ఇంట్లో ఇది నడుస్తుంటే అమ్మ వంటింట్లోంచి వచ్చి, హీరో యోనాస్‌నూ అతను ప్రేమించే మార్తానూ చూసి, "ఆ పిల్ల వీనికి ఏమైతది?" అని అడిగింది. మేనత్త అయితది. మిక్కెల్ అనే పిల్లగాడు 2019లో గుహలో తప్పిపోయి 1986లో తేలతాడు, అక్కడే పెరిగి పెద్దై యోనాస్‌కు తండ్రి అవుతాడు. ఆ మిక్కెల్ అక్క మార్తానే యోనాస్ ప్రేమించింది. షార్లెట్, ఎలిజబెత్ అయితే ఒకరికొకరు తల్లీ బిడ్డలూనూ. వరసలు కలుపుకోవడంలో మనవాళ్లను మించినోళ్లు లేరనుకుంటాం, అమ్మ కూడా చేతులెత్తేసి లోపలికి పోయింది.

ఇంత చిక్కును చివర్లో ఒక్క దారంతో లాగేశారు. టాన్‌హౌస్ అనే గడియారాలాయన కొడుకు, కోడలు, పసిపాప 1971లో కారు ప్రమాదంలో పోతారు. వాళ్లను వెనక్కి తెచ్చుకుందామని ఆయన 1986లో కాలంలో వెనక్కి పోయే మెషీన్ నడిపితే లోకం రెండుగా చీలుతుంది, మనం చూసిందంతా ఆ చీలికల్లోని కథే. యోనాస్, మార్తా వెనక్కి పోయి ఆ కారును వంతెన దగ్గర ఆపుతారు. ప్రమాదం జరగదు, మెషీన్ పుట్టదు, వీళ్లిద్దరూ కూడా ఉండరు. ఆ తర్వాత వచ్చే భోజనాల సీన్ నాకు మొత్తం సిరీస్‌లోనే ఇష్టం. బయట వాన, కరెంటు పోయి వస్తుంటుంది, బల్ల చుట్టూ ఉన్నోళ్లను చూస్తూ 'ఉల్రిక్ ఏడి, షార్లెట్ ఏది' అని లెక్కేస్తుంటే తెలుస్తుంది, ముడిలోంచి పుట్టినోళ్లు ఒక్కరు కూడా లేరు. వోలర్ అనే పోలీసాయన తన కన్ను ఎట్ల పోయిందో చెప్పబోతాడు, అప్పుడు కూడా చెప్పనివ్వరు. జవాబులన్నీ ఇచ్చిన సిరీస్ ఒక్కటి మాత్రం కావాలని దాచుకుని నవ్వింది.

లోపం లేదా అంటే ఉంది. ఆ మూడో లోకం, అంటే చీలకముందున్న అసలు లోకం సంగతి మొత్తం క్లాడియా అనే ఆమె వచ్చి ఆడమ్ (ముసలివాడైన యోనాసే) ముందు నిలబడి పాఠంలా చెప్పేస్తుంది. అన్నేళ్లు గుహల్లో తిప్పి, చివరికి మాటల్లో తేల్చేశారు. మూడో సీజన్ మధ్యలో ఎవరు ఏ లోకంవాళ్లో గుర్తుపెట్టుకోవడమే పనైపోయి, ఎవరైనా చచ్చిపోతే ఏడుపు కూడా రాదు.

ఏడుపు సంగతిలో 'లాస్ట్'దే పైచేయి. వెదురు తోపులో జాక్ కడుపు పట్టుకుని నడిచి పడిపోతాడు, విన్సెంట్ అనే కుక్క వచ్చి పక్కన పడుకుంటుంది. మొదటి ఎపిసోడ్‌లో తెరుచుకున్న కన్ను అక్కడ మూసుకుంటుంది. చర్చి బయట, దీవిలో ఎన్నో ఘోరాలు చేసిన బెన్ లోపలికి పోకుండా బెంచీ మీద కూర్చుండిపోవడం ఇంకా గొప్పగా ఉంటుంది, చేసిన పాపాలకు తానే తీర్పు ఇచ్చుకున్నట్టు. 'డార్క్' మూడో సీజన్ అంతా వెతికినా ఆ బెంచీ సీన్‌కు సాటి వచ్చేది నాకు దొరకలేదు.

మూడో దారి కూడా ఉంది, జనం తిడితే మళ్లీ తీయడం. జపాన్ యానిమే 'ఎవాంగెలియన్' 1996 మార్చిలో పెద్ద రోబోల యుద్ధం పక్కన పడేసి, హీరో షింజీ మనసులోనే తిరిగి, చుట్టూ అందరూ చప్పట్లు కొట్టి అభినందనలు చెప్పడంతో ముగిసింది. అభిమానులు భగ్గుమన్నారు. 1997లో సినిమాగా ఇంకో ముగింపు తీసి, తమకొచ్చిన తిట్ల ఉత్తరాలను కూడా అందులో చూపించారు. అది మరీ భయంకరంగా ఉంటుంది. అడిగినోళ్లకు బాగానే అయింది.

కాబట్టి ముగింపుగా చూస్తే నా ఓటు 'డార్క్'కే, మొదటి ఎపిసోడ్‌లో ఏ ఆట మొదలుపెట్టిందో చివరిదాకా అదే ఆట ఆడింది. అదే ఇంట్లో అందరితో కూర్చుని ఒక్క ఆఖరి పది నిమిషాలు పెట్టుకోమంటే 'లాస్ట్' పెడతా. రెండూ చూసే ఓపిక ఉంటే 'లాస్ట్' ముందు చూడండి, అది అయిపోయాక 'డార్క్' మొదలుపెట్టేటప్పుడు మాత్రం పక్కన నోట్‌బుక్, పెన్ను పెట్టుకోండి. వంశవృక్షం గీయడానికి ఒక్క పేజీ సరిపోదు, నడుమ పేజీ విప్పి రెండు పేజీల మీద గీయండి.