పుట్టు రాక్షసుడా, కాటు రాక్షసుడా: కథకు ఏది మేలు?

టీనేజ్ పిల్లల కోసం రాసే పిశాచాల నవలల్లో రాక్షసులు రెండు దారుల్లో వస్తారు. కొందరికి అది రక్తంలోనే ఉంటుంది. ఇంకొందరిని ఎవరో కరుస్తారు. కథకు ఏది బలమంటే నా ఓటు కాటుకే. కరిచినవాడు ఒకడుంటాడు, వాడికో కారణం ఉంటుంది, తిట్టుకోవడానికి మనకో పేరు దొరుకుతుంది.

హ్యారీ పాటర్ మూడో పుస్తకంలో (1999) మంత్రాల బడిలో పాఠాలు చెప్పే లూపిన్ మాస్టారిని తీసుకోండి. రైలు పెట్టెలో కిటికీ పక్కన నిద్రపోతూ కనిపిస్తాడు. మాసికలేసిన అంగీ, చిన్న వయసులోనే నెరిసిన జుట్టు, తాడుతో చుట్టి ముడేసిన పాత పెట్టె. భయంతో పడిపోయిన పిల్లాడికి చాక్లెట్ విరిచి ఇస్తాడు. ఆయన తోడేలు మనిషి, అంటే పౌర్ణమి రాత్రి తోడేలుగా మారేవాడు, అని మనకు తెలిసేది చాలా తర్వాత. తండ్రి మీద కోపంతో గ్రేబ్యాక్ అనేవాడు పసితనంలోనే కరిచాడు. పౌర్ణమికి ముందు కషాయం తాగితే ఎవరికీ ప్రమాదం లేదు. అయినా గుట్టు బయటపడగానే, తల్లిదండ్రుల ఉత్తరాలు ఎలా ఉంటాయో ముందే ఊహించి, తనే ఉద్యోగం మానేసి పెట్టె సర్దుకుంటాడు. తోడేలు మనుషులకు పని దొరకడమే కష్టమయ్యేలా ఒక చట్టం కూడా ఉంటుంది. కాటు ఒక్కసారి పడింది, లోకం మాత్రం ఆయన్ని రోజూ కరుస్తూనే ఉంది.

గ్రేబ్యాక్ లెక్క వేరు. పిల్లల్నే ఏరి కరిచి, అమ్మానాన్నలకు దూరంగా పెంచి, మనుషుల మీద పగ నూరిపోయాలంటాడు. కాటు ఒకటే అయినా పెంపకాన్ని బట్టి మనిషి మారిపోతాడని వాడికి మన విమర్శకుల కంటే బాగా తెలుసు!

ఇక పుట్టుక వైపు చూద్దాం. రక్తపిశాచుల ప్రేమకథ ట్విలైట్ వరుసలో రెండో నవల (2006) హీరోయిన్ స్నేహితుడు, వంశపారంపర్యంగా తోడేలుగా మారే జేకబ్‌ది. పిల్లాడు ఉన్నట్టుండి ఎత్తు పెరుగుతాడు, ఒళ్లు 108 డిగ్రీలు దాటి కాలిపోతుంటుంది, చిన్న మాటకే కోపం, ఫ్రెండ్స్‌ని తప్పించుకు తిరగడం. పదహారేళ్ల వయసుకు ఇంతకంటే దగ్గరి బొమ్మ కాటు కథల్లో నాకు దొరకలేదు. ఈ ఒక్కచోట పుట్టుకదే పైచేయి. కాకపోతే ఆ తోడేలు నిద్ర లేచేది చుట్టుపక్కల రక్తపిశాచులు తిరిగినప్పుడే. అంటే పుట్టుక ఒక్కటే చాలదని ఆ రచయిత్రికీ అనిపించిందన్నమాట.

నాకు అభ్యంతరం ఇంకో చోట. జేకబ్ జాతి, క్విలియూట్, కల్పన కాదు. వాషింగ్టన్ రాష్ట్రపు పసిఫిక్ తీరంలో లా పుష్ అనే చోట నిజంగా ఉన్న ఆదివాసులు. తోడేళ్లు మనుషులుగా మారితే తమ జాతి పుట్టిందని వాళ్ల పాత కథ. నవలలో అది తిరగబడి, కోపమొస్తే మృగాలయ్యే కుర్రాళ్ల కథ అయింది. రాక్షసత్వాన్ని రక్తంలో పెడితే ఇదే చిక్కు: ఒక్కడితో ఆగదు, వంశం మొత్తానికి అంటుకుంటుంది. అదే కథలో రక్తపిశాచి ఎడ్వర్డ్ సంగతి చూడండి. 1918లో చికాగోలో స్పానిష్ ఫ్లూతో చనిపోబోతుంటే తనూ రక్తపిశాచే అయిన డాక్టర్ కార్లైల్ కరిచి బతికించాడు. అతని రాక్షసత్వం ఏ జాతి మీదా పడలేదు. ప్రాణం పోసినట్టా, తీసినట్టా అన్న ప్రశ్న మాత్రం మిగిలింది. కార్లైల్ అలాగే మార్చిన రోజలీ అయితే ఎవరూ తనను అడగలేదని ఇప్పటికీ రగిలిపోతుంటుంది.

హ్యారీ పాటర్ కథల విలన్ వోల్డెమార్ట్ గురించి రెండు ముక్కలు చాలు. వంశం చెడ్డది, పెరిగిన అనాథాశ్రమంలో ప్రేమ లేదు, రెండూ కారణాలేనని పుస్తకం చెబుతుంది. ఇన్ని కారణాలున్న విలన్ కంటే ఒక్క కాటు పడ్డ మాస్టారే నాకు ఎక్కువ గుర్తుంటాడు.

ఏడో పుస్తకంలో (2007) ఆ మాస్టారికి పెళ్లవుతుంది, జుట్టు రంగును ఇష్టమొచ్చినట్టు మార్చుకోగల ఆయన భార్య కడుపుతో ఉంటుంది. తన జబ్బు బిడ్డకూ వస్తుందేమోనన్న భయంతో ఇల్లు వదిలి పారిపోబోతాడు. కాటుతో రాక్షసుడైనవాడు పుట్టుకకు భయపడడమంటే ఇదే. హ్యారీ నాలుగు మాటలు దులిపితే గాని ఇంటికి పోడు. కొన్నాళ్లకు గాలివాన రాత్రి హ్యారీ ఉన్న ఇంటి తలుపు కొట్టి, మగపిల్లాడు పుట్టాడని అరుస్తాడు. పుట్టినప్పుడు జుట్టు నల్లగా ఉందట, గంటలో ఎర్రబడిందట, తను ఇంటికెళ్లేసరికి ఏ రంగుకు మారుతుందోనని నవ్వుతాడు.