సంక్రాంతి దాటాక నర్సరీలో మిరప, చిక్కుడు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

జనవరి రెండో సగంలో విశాఖలో మిద్దెతోట కోసం నర్సరీకి బయల్దేరేవాళ్లకు తీర్పు ముందే చెప్పేస్తాం. మిరప నారు ధైర్యంగా కొనండి. చిక్కుడు జాతిలో ఏదైనా సరే గింజలే కొనండి, మొక్కలు వద్దు. ఎర్రగా, పచ్చగా కాయలు వేలాడుతున్న క్యాప్సికం కుండీని చూసి ముచ్చటపడి అక్కడే వదిలేయండి. ఇది ఏ ఒక్క దుకాణం మీదో రాస్తున్న సమీక్ష కాదు. ఈ రోజుల్లో నగరంలోని నర్సరీల్లో, విత్తనాల షాపుల్లో, రైతు బజార్ల బయట దొరికే సరుకు మీద రాస్తున్నది.

లెక్కంతా రాత్రి వేడి మీద నడుస్తుంది. విశాఖలో జనవరి రాత్రులు 18 డిగ్రీల దగ్గర ఉంటాయి, మార్చికి 23, ఏప్రిల్‌కి 26కి అటూ ఇటూ అవుతాయి. పగలు సముద్రపు గాలి పుణ్యమా అని గుంటూరంత మండదు. కానీ రాత్రి చల్లబడదు. క్యాప్సికం పూత నిలవాలంటే రాత్రి 16 నుంచి 21 డిగ్రీలు ఉండాలి, 24 దాటితే పూత రాలిపోతుంది. మామూలు మిరప ఇంకాస్త ఓర్చుకుంటుంది. బీన్స్‌కి పగలు 30 దాటితేనే కష్టం. ఇప్పుడు కొనే మొక్క ఏ నెలలో పూతకొస్తుందో లెక్కేసుకుంటే సగం నిర్ణయం అయిపోయినట్టే.

మిరప నారు

నారు రెండు రకాలుగా దొరుకుతుంది. ఒకటి కొబ్బరి పొట్టు నింపిన ప్రోట్రేల్లో (గడులున్న ప్లాస్టిక్ ట్రేలు) పెంచినది, రెండోది మడిలో పెంచి పీకి కట్టలుగా అమ్మేది. కట్ట చవక, కానీ పీకినప్పుడే సన్న వేర్లు తెగిపోతాయి. మిద్దె మీది ఎండకు అందులో మూడో వంతు వాడిపోయినా ఆశ్చర్యం లేదు. నాలుగైదు మొక్కలు చాలనుకునేవాళ్లు ట్రే మొక్కే తీసుకోవాలి.

ట్రేలో మొక్క వయసు 35 నుంచి 45 రోజుల మధ్య, ఎత్తు జానెడులోపు ఉండాలి. కాడ పెన్సిల్ సీసమంత సన్నగా, పొడుగ్గా సాగిపోయి ఉంటే నీడలో ముదిరిన నారు అన్నమాట. మొక్కను గడిలోంచి మెల్లగా పైకి తీసి చూపించమనండి. మంచి నర్సరీవాళ్లు విసుక్కోరు. వేర్లు తెల్లగా ఉంటే సరే. గోధుమ రంగుకు తిరిగి అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ ట్రే పండుగ ముందు అమ్ముడుపోక మిగిలినది. అలాంటిది నాటాక నెల్లాళ్లు కదలకుండా కూర్చుంటుంది.

తర్వాత ఆకు చూడాలి. అంచులు పైకి లేచి పడవలా ఉంటే పై ముడత, తామర పురుగుల (త్రిప్స్) పని. అంచులు కిందికి తిరిగి, ఆకు సన్నబడి, కాడ పొడుగైతే కింది ముడత, అది నల్లి వల్ల వచ్చేది. రెండిటిలో ఏది కనిపించినా ఆ మొక్కనే కాదు, పక్క ట్రేని కూడా వదిలేయాలి. నల్లి కంటికి ఆనదు, చిగురులో కూర్చుని ఇంటికి వచ్చేస్తుంది. ఆకులు చిన్నవై గుత్తిలా ముద్దకట్టి, ఈనెలు పసుపెక్కితే తెల్లదోమ తెచ్చిన వైరస్ అయ్యుంటుంది, దానికి మందు లేదు. ట్రేలోనే పూత వచ్చిన మొక్క బాగుందనుకుని కొనేవాళ్లు ఎక్కువ. నిజానికి అది ఆకలితో తొందరపడిన మొక్క. కొంటే మొదటి పూత గిల్లేసి నాటండి.

నర్సరీలో నారు షేడ్ నెట్ కింద పెరుగుతుంది. తెచ్చిన రోజే మిద్దె మీద పెడితే ఆకులు తెల్లగా మాడతాయి. నాలుగైదు రోజులు ఉదయపు ఎండ మాత్రమే తగిలేచోట ఉంచి, సాయంత్రం పూట నాటాలి. 12 అంగుళాల గ్రో బ్యాగ్‌కి ఒక మొక్క చాలు. ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీ కంపోస్టు సమపాళ్లలో కలుపుకోవాలి. కొబ్బరి పొట్టు దిమ్మను నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, ఇంకో రెండు సార్లు కడిగాకే వాడాలి. లేకపోతే అందులోని ఉప్పు లేత వేరును కాలుస్తుంది. నాటే ముందు సూడోమోనాస్ (మేలుచేసే బ్యాక్టీరియా) పొడి లీటరుకు 10 గ్రాములు కలిపిన నీళ్లలో వేర్లను ఓ పావుగంట ముంచితే నారు కుళ్లు భయం తగ్గుతుంది.

ఇప్పుడు నాటితే మార్చి ఆఖరుకి పచ్చిమిర్చి చేతికొస్తుంది. ఏప్రిల్ గడిచాక పూత రాలడం మొదలవుతుంది, అప్పుడు మొక్క చచ్చిపోయిందని పీకేయొద్దు. జూన్‌లో వానలు పడగానే పైనుంచి మూడో వంతు కత్తిరించి, ఎరువు వేస్తే మళ్లీ చిగురేసి కాస్తుంది. అందుకే మిరప నారుకి పెట్టిన డబ్బు ఏ నెలలోనైనా గిట్టుబాటే. రకం అడిగితే చాలాచోట్ల 'పచ్చిమిర్చి' అనే సమాధానం వస్తుంది. పేరు రాసి అమ్మే చోట గుంటూరు లాం ఫారం (వ్యవసాయ పరిశోధన కేంద్రం) వారి ఎల్‌సీఏ 334 లాంటిది దొరికితే కారానికి, ఎండు మిర్చికి రెండిటికీ పనికొస్తుంది.

క్యాప్సికం, బజ్జీ మిరప

క్యాప్సికం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. కుండీలో వేలాడుతున్న ఆ నాలుగు కాయలు డిసెంబరు చలిలో నిలిచినవి. వాటిని కోసుకున్నాక వచ్చే పూత మార్చి రాత్రులకు దొరికిపోతుంది. కూరకు కావాలంటే రైతు బజారులో అంతకంటే చవగ్గా కాయలే దొరుకుతాయి. అక్టోబరులో నాటిన మొక్క ఇంట్లో ఇప్పటికే ఉంటే మాత్రం కాయలను పచ్చిగానే కోసేయండి. ఎర్రబడేదాకా ఉంచితే ఒక్కో కాయకు ఇంకో మూడు వారాలు పడుతుంది, ఆలోగా కొత్త పూత నిలిచే చల్లని రాత్రులు చేజారతాయి. కాయ అడుగున నల్లటి అణిగిన మచ్చ వస్తే అది తెగులు కాదు, ఓ రోజు నీళ్లు ఎక్కువై మరో రోజు తక్కువై కాల్షియం కాయకు అందకపోవడం. నీళ్లు వేళకు, సమంగా పోస్తే తర్వాతి కాయలు బాగుంటాయి.

బీచ్ రోడ్డు బండ్ల మీద కనిపించే పొడుగాటి బజ్జీ మిరప మామూలు మిరపకీ, క్యాప్సికంకీ మధ్యరకం. జనవరిలో దొరికితే కొనొచ్చు, ఫిబ్రవరిలో వద్దు.

బీన్స్, చిక్కుడు

నర్సరీల్లో అన్నిటికన్నా దండగ సరుకు ట్రేల్లో అమ్మే చిక్కుడు మొక్కలు. గింజ వేస్తే 5 నుంచి 7 రోజుల్లో మొలిచే పంటకు నారు కొనడమెందుకు? పైగా దీని తల్లివేరు కదిలిస్తే ఒప్పుకోదు. ట్రే మొక్క నాటి, పక్కనే గింజ వేస్తే మూడు వారాల్లో గింజ మొక్కే ముందుకెళ్తుంది.

రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం కట్టే రోజుల్లో తీగ చిక్కుడు మీద మనసు పోవడం సహజమే. కానీ పందిరి చిక్కుడు పగలు పొట్టిగా ఉన్నప్పుడే పూస్తుంది. జూన్, జూలైలో పెట్టిన పాదు కార్తీకం నుంచి కాస్తుంది. ఇప్పుడు పెట్టినది పూత వయసుకొచ్చేసరికి పగలు సాగిపోతుంది. ఆకు, తీగ పందిరంతా కమ్ముతాయి, కాయ ఉండదు. అమ్మేవాళ్లు ఈ మాట చెప్పరు. కావాలంటే బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పరిశోధన సంస్థ) వారి అర్క జయ్, అర్క విజయ్ లాంటి పొట్టి రకాల గింజలు తీసుకోండి. వాటికి పగటి నిడివితో పని లేదు, రెండున్నర నెలల్లో కాయ కోతకొస్తుంది.

ఫ్రెంచ్ బీన్స్‌లో అర్క కోమల్, అర్క అనూప్ మంచి పొద రకాలు. అర్క అనూప్ తుప్పు తెగులును తట్టుకుంటుంది, విశాఖ మంచుకు అది పెద్ద లాభం. కాకపోతే గింజ జనవరి 20లోపు పడిపోవాలి. 50 రోజులకు మొదటి కోత, అంటే మార్చి రెండో వారంలోపు. ఆ తర్వాత వేస్తే పూత ఎండకు రాలుతుంది. రైతు బజారుకొచ్చే బీన్స్ అరకు, చింతపల్లి చల్లదనంలో పండినవి, వాటిని చూసి మైదానంలో ఆశపడొద్దు. ఫిబ్రవరిలో గింజ వేయదలిస్తే గోరుచిక్కుడు (పూసా నవబహార్), పొడుగు బొబ్బర్లు ఉన్నాయి. ఈ రెండూ వేడిని ఇష్టపడే పంటలే.

ప్యాకెట్ కొనేటప్పుడు పరీక్షించిన తేదీ, గడువు చూడండి. లేబుల్ చెల్లేది పరీక్ష తేదీ నుంచి 9 నెలలే. మొలక శాతం మిరపకు కనీసం 60, ఫ్రెంచ్ బీన్స్‌కి 75 ఉండాలి. షాపు గుమ్మానికి దండలా వేలాడదీసి, ఎండ తగిలిన ప్యాకెట్లు వద్దు. మన ఉక్కకు చిక్కుడు గింజ తొందరగా సత్తువ కోల్పోతుంది, లోపలి అలమరలోంచి తీసివ్వమని అడగండి. ఇంటికొచ్చాక తడిగుడ్డలో 10 గింజలు చుట్టి ఉంచితే వారంలో ఎన్ని మొలుస్తాయో తేలిపోతుంది. గులాబీ రంగు పూసిన గింజ మందు పట్టించినది, పిల్లలకు అందకుండా ఉంచాలి.

గింజను రాత్రంతా నానబెట్టడం చాలామందికి అలవాటు. బీన్స్‌కి అది చెరుపు. గింజ నీళ్లు గబగబా తాగి పగులుతుంది, కుళ్లుతుంది. తడి మట్టిలో పొడి గింజను 3 సెంటీమీటర్ల లోతున వేసి, మొలిచేదాకా మట్టి తడి ఆరకుండా చూస్తే చాలు. 12 అంగుళాల బ్యాగుకు మూడు పొద బీన్స్ మొక్కలు సరిపోతాయి. సముద్రం దగ్గరి కాలనీల్లో బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉన్నా బీన్స్ ఆకు అంచులు మాడతాయి. కూరగాయల్లో ఉప్పును ఓర్చుకోలేనివాటిలో ఇది ముందుంటుంది. మిరప కాస్త నయం. కుళాయి నీళ్లు పట్టి పోయండి, ఆర్వో నుంచి వృథాగా పోయే నీళ్లు మాత్రం వద్దు.

కౌంటర్ మీద అంటగట్టే సీసాలు

వేపనూనె కొనండి. లీటరుకు 5 మి.లీ., నాలుగు చుక్కల షాంపూ వేసి సాయంత్రం ఆకు అడుగున తడిసేలా కొట్టాలి. నల్లికి మాత్రం నీళ్లలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు నయం, కానీ వేపనూనె కొట్టిన రెండు వారాల్లోపు గంధకం కొడితే ఆకు మాడుతుంది. పూత రాలుతోందంటే ప్లానోఫిక్స్ సీసా చేతిలో పెడతారు. మందు మంచిదే, మోతాదు మాత్రం 4.5 లీటర్లకు 1 మి.లీ. మిద్దెతోటవాళ్లు లీటరు బాటిల్‌లో మూతతో పోసి మొక్కను వంకర చేసుకుంటారు. 40 యూనిట్ల ఇన్సులిన్ సిరంజిలో 9వ గీత వరకు తీస్తే ఒక లీటరుకు సరిగ్గా సరిపోతుంది. 'కాపు పెంచే టానిక్' అని ఏమున్నాయో రాయని రంగు నీళ్లు వదిలేయండి. 13-0-45 పొడి (పొటాషియం నైట్రేట్) లీటరుకు 5 గ్రాములు, పదిహేను రోజులకోసారి మిరపకు చాలు. ఈ దశలో యూరియా వేస్తే ఆకు పెరిగి కాయ తగ్గుతుంది.

కోత

మిరప, బీన్స్ రెండిటికీ సూత్రం ఒకటే, కోసినకొద్దీ కాస్తాయి. పచ్చిమిర్చిని 5 నుంచి 7 రోజులకోసారి తొడిమతో సహా కోయాలి. కాయను కిందికి లాగితే కొమ్మ చీలుతుంది, తొడిమ దగ్గర పట్టి పైకి ఎత్తితే సులువుగా ఊడుతుంది. చిన్న కత్తెర ఉంటే మరీ మంచిది. పండుమిరప పచ్చడికి కావాలంటే రెండు మొక్కలు విడిగా వదిలేయండి, అన్నిటి మీదా ఎర్రకాయ ఉంచితే కొత్త పూత ఆగిపోతుంది. ఎండబెట్టేవాళ్లు సాయంత్రం 5 కల్లా లోపల పెట్టేయాలి. రాత్రి గాలిలోని తేమకే కాయ మెత్తబడి, తెల్ల మచ్చలేసి బూజు పడుతుంది.

బీన్స్, గోరుచిక్కుడు రెండు మూడు రోజులకోసారి, గింజ ఉబ్బకముందే కోయాలి. కాయను విరిస్తే టప్పున విరగాలి. పొద్దున మంచు ఆరకముందు మొక్కల్లో చెయ్యి పెట్టొద్దు, తుప్పు, ఎండాకు తెగులు తడి చేత్తో మొక్క నుంచి మొక్కకు పాకుతాయి. పందిరి చిక్కుడు పాత పాదు ఉన్నవాళ్లు ఫిబ్రవరిలో పేనుబంక పట్టిన కొసలు తుంచేసి, ముదిరిన కాయలను గింజ కూరకు వాడుకోవచ్చు.

గింజ దాచుకోవాలనుకుంటే చిక్కుడు, బీన్స్ తేలిక, వాటి పూత చాలావరకు తనలో తానే ఫలదీకరణ చెందుతుంది. కాయ మొక్క మీదే ఎండాక ఒలిచి, రెండు మూడు ఎండలు పెట్టి, గాలి చొరబడని డబ్బాలో పెట్టండి. మిరప అలా కాదు. పక్కనే బజ్జీ మిరప ఉంటే కలిసిపోతుంది, పూత విప్పుకోకముందే పల్చటి గుడ్డ సంచి కట్టి ఉంచిన కాయల గింజే దాచాలి. హైబ్రిడ్ అని రాసిన ప్యాకెట్ నుంచి వచ్చిన మొక్కైతే ఆ శ్రమ కూడా వద్దు, వచ్చే ఏడు కొత్త ప్యాకెట్టే.