షింజుకులో వీధిలో పిలిచేవాళ్ళ వెంట వెళ్ళకండి, నిన్న రాత్రి మమ్మల్ని నిలువునా ముంచారు

రాత్రంతా నిద్ర లేదు. టోక్యోలో ఇప్పుడు పొద్దున ఆరయింది, గదిలో అందరూ పడుకుని ఉన్నారు, నేను కిటికీ దగ్గర కూర్చుని ఇది రాస్తున్నాను. కోపం తగ్గాక రాయి అన్నారు మావారు. తగ్గాక రాస్తే ఇంత వివరంగా గుర్తుండదు, పైగా ఈ రెండు వారాల్లో సాకురా, అంటే చెర్రీ పూలు, చూడ్డానికి మనవాళ్ళు ఎంతమంది ఇక్కడ దిగుతారో నాకు తెలుసు. అందుకే ముందే చెప్పేస్తున్నాను. షింజుకు తూర్పు వైపు, నియాన్ లైట్ల బార్ల పేట కబుకిచోలో, వీధిలో నిలబడి "రండి రండి" అని పిలిచేవాళ్ళ వెంట అస్సలు వెళ్ళకండి. వాళ్ళెంత మర్యాదగా మాట్లాడినా సరే, పక్కన పెద్దవాళ్ళున్నారు కదా మనల్నేం చేస్తారులే అనిపించినా సరే.

నేను, మావారు, అమ్మా నాన్నా, మా పాప. ఐదుగురం వచ్చాం. మొదటి నాలుగు రోజులూ హాయిగా గడిచాయి, ఉయెనో, చిదొరిగాఫుచి అన్నీ తిరిగాం, వాటి గురించి ఇప్పుడు రాసే ఓపిక లేదు. ఒక్కటి మాత్రం చెప్పాలి, ఎందుకంటే మేం అంత తేలిగ్గా ఎలా నమ్మామో మీకు అర్థం కావాలి. మొన్న రాత్రి ఒమొయిదె యొకొచోకి వెళ్ళాం. షింజుకు స్టేషన్ పడమర వైపు, రైలు పట్టాల పక్కన సన్నటి సందు, ఇటూ అటూ బుల్లి బుల్లి షాపులు, బొగ్గుల మీద కోడిమాంసం పుల్లలు కాలుతూ సందంతా పొగ. ఎనిమిది మంది కూర్చుంటే నిండిపోయే బల్ల దగ్గర తిన్నాం. మావారు అలవాటుకొద్దీ ఒక 500 యెన్ల నాణెం వదిలేసి వచ్చారు. ఆ షాపు పెద్దావిడ వెనకాలే పరిగెత్తుకుంటూ వచ్చి, రెండు చేతులతో ఆ నాణేన్ని ఇచ్చేసి, వంగి దండం పెట్టి వెళ్ళింది. ఇక్కడ టిప్పు తీసుకోరు కదా. నాన్నకి ఆ రాత్రంతా అదే మాట. "చూశావా అమ్మలూ, ఎంత నిజాయితీ" అని పదిసార్లు అన్నారు. ఆ ఊళ్ళోనే, ఆ స్టేషన్‌కి రెండో వైపునే, మర్నాడు రాత్రి ఇలా జరుగుతుందని ఎవరనుకుంటారు?

నిన్న శనివారం. అమ్మ కాళ్ళు నొప్పులని పాపతో హోటల్లో ఉండిపోయింది. నాన్న ఆ నియాన్ లైట్లు చూడాలన్నారు, సరే అని ముగ్గురం బయల్దేరాం. ఎర్ర లైట్ల ఆర్చీ దాటి లోపలికి వెళ్ళాం, భవనం మీంచి తొంగి చూస్తున్న గాడ్జిల్లా తలకాయ ఫోటో తీసుకున్నాం, తర్వాత భోజనానికి మావారు ముందే చూసి పెట్టుకున్న ఇజకాయా (తాగడానికీ తినడానికీ ఉండే జపనీస్ షాపు) కోసం ఫోన్లో మ్యాప్ పెట్టుకుని నడుస్తున్నాం. ఇక్కడికి వచ్చినవాళ్ళందరికీ తెలిసిన పెద్ద చెయిన్ అది, బొమ్మల మెనూ ఉంటుంది, ధరలు రాసి ఉంటాయి, భయం లేదు.

ఆ మ్యాప్ చూస్తూ నిలబడ్డామే, అదే మేం చేసిన తప్పు. నీలం కోటు, మెడలో కార్డు, చేతిలో ప్లాస్టిక్ అట్ట వేసిన మెనూ, పాతికేళ్ళుంటాయేమో, నవ్వుతూ వచ్చాడు. నాన్నని చూసి చేతులు జోడించి "నమస్తే" అన్నాడు. ఇంగ్లీషులో "ఎక్కడికి వెళ్ళాలి?" అని అడిగాడు. మావారు షాపు పేరు చెప్పారు. "అది మాదే అండీ, ఇవాళ ఫుల్, గంటన్నర ఆగాలి, ఇదే చెయిన్‌ది ఇంకో బ్రాంచి ఉంది, ఒక్క నిమిషం నడక, అదే మెనూ, అవే ధరలు" అన్నాడు. నొమిహొదాయి, అంటే రెండు గంటలు ఎంత తాగినా ఒకే ధర, మనిషికి 1,980 యెన్లు అని మెనూలో వేలు పెట్టి మరీ చూపించాడు. తాగనివాళ్ళకి అది అక్కర్లేదు అన్నాడు. నేను రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ "నో ప్రాబ్లమ్" అన్నాడు.

ఫుల్ అంటే ఎందుకు నమ్మామంటే, ఈ రోజుల్లో అది నిజంగానే జరుగుతుంది. ఇక్కడ ఆఫీసులకీ స్కూళ్ళకీ ఏప్రిల్ 1న కొత్త సంవత్సరం మొదలవుతుంది, మార్చి చివర్లో వీడ్కోలు పార్టీలు, ఏప్రిల్లో కొత్తగా చేరినవాళ్ళకి స్వాగతం పార్టీలు, దానికి తోడు పూలు చూడ్డానికి వచ్చిన జనం. శనివారం రాత్రి ఇజకాయాలో చోటు లేదంటే ఎవరూ అనుమానపడరు. వాళ్ళకి ఇది బాగా తెలుసు. వసంతకాలం వాళ్ళకి కోతల కాలం అన్నమాట.

తీసుకెళ్ళింది ఒక సన్నటి పొడుగాటి బిల్డింగుకి, అంతస్తుకో షాపు, బయట నిలువుగా బోర్డులు. నాన్న మోకాలు చూసి ఆ అబ్బాయి మెట్టు దగ్గర చెయ్యి పట్టుకున్నాడు. నాన్న "థాంక్యూ బాబూ" అన్నారు. నలుగురు పట్టే లిఫ్టులో ఆరో అంతస్తుకి. లోపల సగం చీకటి, బోర్డు మీద మేం అనుకున్న పేరు కాదు వేరే పేరు. అప్పుడే లేచి వచ్చేయాల్సింది. నాకు అనుమానం వచ్చింది కూడా. నాన్న అలిసిపోయి ఉన్నారు, అప్పటికే కూర్చునేశారు, మళ్ళీ లేపడం ఎందుకులే అని ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే నన్ను ఇప్పటిదాకా నిద్రపోనివ్వలేదు.

మావారు రెండు బీర్లు తాగారు. నాన్నా నేనూ ఊలాంగ్ టీ. అయిదు ప్లేట్లు చెప్పాం, ఒక్కో ప్లేటులో రెండు ముద్దలు కూడా లేవు, చేప చల్లగా ఉంది. గంట కూడా కూర్చోలేదు. ఎంత లెక్కేసుకున్నా పది పన్నెండు వేల యెన్లు దాటదు అనుకున్నాం.

బిల్లు 47,784 యెన్లు. మన డబ్బుల్లో పాతిక వేలకి పైనే. ముందు మెషిన్ తప్పు కొట్టిందేమో అనుకున్నాను, కాగితం తీసుకుని ఒక్కొక్క లైనూ ఫోన్‌తో చదివించాను. నొమిహొదాయి ముగ్గురికీ, తాగని మా ఇద్దరికీ కూడా కలిపి, 5,940. కూర్చున్నందుకు మనిషికి 3,000, అంటే 9,000. ఒతోషి అని ముందు పెట్టిన గుప్పెడు ఉప్పు చిక్కుళ్ళకి మనిషికి 1,800, మొత్తం 5,400. శనివారం కాబట్టి మనిషికి ఇంకో 2,000, అది 6,000. తిండికి 9,860. వీటన్నిటి మీద 20 శాతం సర్వీసు, ఆ మొత్తం మీద 10 శాతం పన్ను. ఒతోషి అనేది ఇక్కడ మామూలే, అది మోసం కాదు, మంచి షాపుల్లో కూడా 300, 500 యెన్లు వేస్తారు, మొన్న మాకూ వేశారు, సంతోషంగా ఇచ్చాం. 1,800 ఏమిటి? కూర్చున్నందుకు 3,000 ఏమిటి? మాకు చూపించిన మెనూలో ఇవేవీ లేవు. టేబుల్ మీది మెనూలో ఆఖరి పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో, జపనీస్‌లో ఉన్నాయట. ఆ పేజీ తెచ్చి మా ముందు పెట్టి గోరుతో టకటకా కొట్టి చూపించాడు అక్కడున్న పొడుగాయన. "యూ ఈట్, యూ పే" అన్నాడు. నాన్న వయసు మనిషి ముందు నిలబడి, ఆ గొంతుతో.

ఇదంతా ఒక ఎత్తు, తర్వాత జరిగింది ఒక ఎత్తు. ఆ నీలం కోటు అబ్బాయి ఇంకో జంటని లిఫ్టులో తీసుకొచ్చాడు. హమ్మయ్య, మనకి మాటిచ్చినవాడు వచ్చాడు అనుకుని నేనే లేచి వెళ్ళాను. "నువ్వే కదా 1,980 అన్నావు, తాగనివాళ్ళకి లేదన్నావు, కాస్త వీళ్ళకి చెప్పు" అన్నాను. నా మొహంలోకి సూటిగా చూసి, ఏ మాత్రం తడబడకుండా, "నేను మిమ్మల్ని ఎప్పుడూ చూడలేదు" అన్నాడు. గంట క్రితం నాన్న చెయ్యి పట్టుకుని మెట్టెక్కించినవాడు! నా వెనకాల నాన్న నిలబడి ఉన్నారు, ఆయన విన్నారు. "అదేంటి బాబూ" అన్నారు తెలుగులోనే. వాడు తల తిప్పేసుకుని లిఫ్టు బటన్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కిందికి పోవడానికి మాకు ఆ లిఫ్టు తప్ప దారి కనిపించలేదు.

కార్డు మెషిన్ పనిచేయట్లేదు, నగదే కావాలన్నారు. మావారి దగ్గర అంత లేదు, ఏటీఎంకి వెళ్తామంటే ఒకరు వెళ్ళండి, ఇద్దరు ఇక్కడే ఉండండి అన్నారు. మావారు గొంతు పెంచారు, పోలీసుల్ని పిలుస్తాను అన్నారు, పిలుచుకో అన్నాడు పొడుగాయన. అప్పుడు నాన్న కోటు లోపలి జేబులోంచి కవరు తీశారు. అమ్మకి ఇక్కడ వాచీ కొనాలని ఊళ్ళోనే మార్పించుకుని, మాకెవరికీ చెప్పకుండా తెచ్చుకున్న డబ్బు. సరిగ్గా పది వేల యెన్ల నోట్లు అయిదు. "మామయ్యగారూ, వద్దండి" అని మావారు చెయ్యి పట్టుకున్నారు. "పోనీలే అల్లుడుగారూ, అమ్మాయి భయపడుతోంది, పదండి" అని ఇచ్చేశారు. చిల్లర ట్రేలో పెట్టి తెచ్చారు: రెండు వెయ్యి నోట్లు, రెండు వంద నాణేలు, ఒక పది, ఒక అయిదు, ఒక ఒకటి. ఒక్క యెన్ తేడా లేదు. ఇచ్చి, నడుం వంచి, అరిగాతో, అంటే థాంక్యూ, అన్నారు. మొన్నటి పెద్దావిడ వంగినట్టే వంగారు.

కిందికి వచ్చి నేరుగా కోబన్‌కి, అదే వాళ్ళ వీధి పోలీసు ఔట్‌పోస్టుకి, వెళ్ళాం. ఆఫీసరు ఓపిగ్గా విన్నాడు, రసీదు చూశాడు, ఫోన్లో అనువాదం పెట్టి చెప్పాడు: డబ్బు కట్టేశారు, మెనూలో రాసి ఉందంటున్నారు, మిమ్మల్ని కొట్టడం లాంటిది జరగలేదు కాబట్టి ఇది మీకూ షాపుకీ మధ్య వ్యవహారం, కావాలంటే ఫిర్యాదు రాసుకుంటాం. కట్టకముందు వచ్చి ఉంటే బాగుండేది అన్నాడు. రాయించి వచ్చాం. ఈ మోసానికి ఇక్కడ బొత్తకురి అని పేరే ఉంది, దీన్ని అరికట్టడానికి టోక్యోలో 2000లోనే ప్రత్యేకంగా ఆర్డినెన్స్ తెచ్చారు, షింజుకు వార్డు 2013లో వీధిలో ఇలా పిలవడాన్నే నిషేధించింది. అయినా మా కళ్ళ ముందే వీధి చివరిదాకా అలాంటివాళ్ళు నిలబడే ఉన్నారు.

తిరిగి వస్తుంటే మేం మొదట వెళ్ళాలనుకున్న ఆ ఇజకాయా కనపడింది. కింది అంతస్తే. అద్దాల్లోంచి చూశాను. గోడ పక్కన మూడు టేబుళ్ళు ఖాళీ. ఆ అబ్బాయి మమ్మల్ని ఆపిన చోటు నుంచి నలభై అడుగులు కూడా లేదు. అక్కడ నిలబడి ఉండగా స్తంభానికి కట్టిన మైకులో ఏదో చెప్తున్నారు, వచ్చేటప్పుడు కూడా విన్నాను, ఏదో ప్రకటనలే అనుకున్నాను. మావారు ఫోన్ పెట్టి అనువాదం చూశారు. వీధిలో పిలిచేవాళ్ళ వెంట వెళ్ళకండి, అది మోసం, అని. నాకు ఏడుపు ఆగలేదు.

చేతులు కాలాక చెప్తున్న మాటలే, అయినా వినండి. ఆ చుట్టుపక్కల తినడం మానేయక్కర్లేదు, ఒమొయిదె యొకొచో బాగుంది, కబుకిచో పక్కనే గోల్డెన్ గాయ్‌లో సుమారు 200 బుల్లి బార్లున్నాయి, కూర్చోడానికి ఎంతో చాలా వాటికి తలుపు మీదే రాసి ఉంటుంది, రాయనివాటిలో అడిగి కూర్చోండి. మీరు ఏ షాపు అనుకున్నారో దాని తలుపు దాకా మీ కాళ్ళతో మీరే వెళ్ళండి, ఫుల్ అనే మాట ఆ షాపులోవాళ్ళే చెప్పాలి. బోర్డు మీద పేరు వేరే ఉంటే కూర్చోకుండానే తిరిగి వచ్చేయండి. ఒతోషి ఎంత, సీటు చార్జి ఎంత, వారాంతం చార్జి ఉందా అని ముందే అడిగి, మెనూ చివరి పేజీతో సహా ఫోటో తీసుకోండి. బిల్లు తేడాగా వస్తే కట్టకముందే అక్కడి నుంచే 110కి, అంటే పోలీసులకి, ఫోన్ చేయండి. పెద్దవాళ్ళ దగ్గర నగదు ఎంతుందో ముందే అడిగి తెలుసుకుని, రాత్రి బయటికి వెళ్ళేటప్పుడు హోటల్ లాకర్లో పెట్టించండి.

అమ్మ లేస్తోంది. కవరు సంగతి చెప్పొద్దని నాన్న రాత్రే ఒట్టు వేయించుకున్నారు.