పర్లాకిమిడిలో మా మెడికల్ షాపు

డిస్కౌంట్ కోసమైతే ఈ షాపుకి వెళ్లకండి. రాసి ఉన్న రేటు మీద రూపాయి తగ్గించరు. పర్లాకిమిడిలో రాజుగారి కోట వైపు వెళ్లే దారిలో ఇరుకు గది, నిలబడే కొనుక్కోవాలి. అయినా మా అత్తగారి ఇన్సులిన్ నేను ఇక్కడే కొంటాను.

2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు ఒడిశాలోని మా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి, రోడ్లు తెగాయి, కరెంటు పోయింది. చాలా షాపులవాళ్లు బరంపురం వ్యాను ఎప్పుడొస్తుందా అని కూర్చున్నారు. మా షాపాయనకి బరంపురంలో ఒక స్టాకిస్టు, రాయగడలో ఇంకొకరు. ఏ దారి ముందు తెరుచుకుంటే ఆ దారిన సరుకు తెప్పించుకుంటారు. పైగా పైలిన్, హుద్‌హుద్, తిత్లీ మూడూ అక్టోబరు రెండో వారంలోనే పడ్డాయి కదా, సెప్టెంబరు దాటకముందే బీపీ, షుగరు, ఫిట్స్ మందులు అదనంగా దింపేస్తారు. ఎవరికి ఏ మందు ఎప్పుడు అయిపోతుందో ఒక పొడుగు పుస్తకంలో రాసి ఉంటుంది. కొరత వస్తే ఆ పుస్తకం చూసే ఇస్తారు. డబ్బున్నవాడు డబ్బా మొత్తం ఇమ్మన్నా ఇవ్వరు. దీని మీద గొడవలు కూడా అయ్యాయి.

లాక్‌డౌన్‌లో అత్తగారు వాడే సీసా దొరకలేదు. వేరే షాపులో ఇన్సులిన్ పెన్నులో వేసే కార్ట్రిడ్జ్ చేతిలో పెట్టి, అదే మందు, సిరంజితో లాగేయమన్నారు. ఈయన దాన్ని చూసి, "పెన్ను లేకుండా ఇది పట్టుకెళ్లి ఏటి చేస్తావమ్మా?" అని కోప్పడ్డారు. మన సీసాలో మిల్లీలీటరుకి 40 యూనిట్లు, కార్ట్రిడ్జ్‌లో 100. ఎర్ర మూత సిరంజి 40కి సరిపోయేది. దాంతో కార్ట్రిడ్జ్ మందు అదే గీత దాకా లాగితే రెండున్నర రెట్లు ఎక్కిపోతుంది. డాక్టరుగారికి ఫోన్ చేసి అడిగి, అదే మిశ్రమం వేరే కంపెనీ 40 సీసా ఇచ్చారు.

ఫ్రిజ్‌కి ఇన్వర్టరు ఉంది, లోపల థర్మామీటరు కూడా. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలట. ఐసు డబ్బాలో ఇచ్చేటప్పుడు సీసాకి గుడ్డ చుడతారు. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు.

నా ఫిర్యాదు ఒకటే, పసిపిల్లల సామాన్లు దాదాపు ఉండవు. మధ్యాహ్నం షట్టరు దించేస్తారు, సాయంత్రం వెళ్లండి. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అడిగారో, అందరి ముందూ చీవాట్లు తినాల్సిందే.